నాయిస్ గేటులో చెవికి అందని సగం

గిటారు పెడళ్ళు, అంటే గిటారు శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలు, సొంతంగా చేసుకునేవాళ్ళ మధ్య ఒక సలహా వేదవాక్కులా చలామణీ అవుతోంది. పెడల్ పలకకపోతే ఆడియో ప్రోబు (సర్క్యూట్‌లో ఎక్కడ ఆనిస్తే అక్కడి శబ్దాన్ని వినిపించే తీగ) తీసుకో, ఇన్‌పుట్ నుంచి గిటారు శబ్దాన్ని అడుగడుగునా వెంబడించు, అది ఎక్కడ మాయమైతే అక్కడే దోషం ఉంది అని. ఓవర్‌డ్రైవ్, ఫజ్, బూస్టర్ లాంటి పెడళ్ళకు ఇంతకు మించిన సలహా లేదు. వాయించనప్పుడు వినిపించే రొదను ఆపే నాయిస్ గేటు అనే పెడల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇదే సలహా మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఏ పాపమూ ఎరగని భాగం ముందు నిలబెడుతుంది. చాలాకాలంగా నాకున్న అభిప్రాయమే ఇది. ఈ మధ్య మా వీధి చివర చర్చిలో గిటారు వాయించే కుర్రవాడు తాను చేసిన గేటు పట్టుకొచ్చాక, ఇక రాయక తప్పదనిపించింది.

నేననేది ఒక్కటే. గేటులో రెండు దారులుంటాయి: గిటారు శబ్దం నడిచేది ఒకటి, ఆ శబ్దాన్ని వదలాలా ఆపాలా అని తేల్చి ఆజ్ఞ ఇచ్చేది ఇంకొకటి. ఇంట్లో చేసిన గేట్లలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఆ రెండో దారిలోనే ఉంటాయి. ఆ దారి చివరి భాగంలో నడిచేది శబ్దం కాదు, నెమ్మదిగా పెరిగి తగ్గే వోల్టేజి. అది చెవికి వినపడదు. కాబట్టి గేటు మొండికేస్తే ముందు చేతిలోకి తీసుకోవలసింది వోల్టేజి కొలిచే మీటరు, ప్రోబు కాదు.

ముద్దాయి ఎఫ్ఈటీ

ఆ కుర్రవాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, అదీ ఎలక్ట్రానిక్సే. తెచ్చిన పెడల్ లక్షణం ఇది: స్విచ్ నొక్కగానే దాదాపు పూర్తి నిశ్శబ్దం. చెవికి ఆనేంత హమ్ లేదు, గిటారూ లేదు. బైపాస్‌లో, అంటే సర్క్యూట్‌ను పక్కకు తప్పించినప్పుడు, అంతా సవ్యంగా ఉంది. ప్రోబుతో చేయవలసినదంతా అతను శ్రద్ధగానే చేశాడు. సిగ్నల్‌ను అందుకునే మొదటి మెట్టు బఫరు దాటాక శబ్దం ఉంది. శబ్దాన్ని వదిలే, ఆపే ట్రాన్సిస్టరు ఎఫ్ఈటీ; శబ్దం దానిలోకి వెళ్ళే డ్రెయిన్ కాలు దగ్గర ఉంది. బయటికి వచ్చే సోర్స్ కాలు దగ్గర దాదాపు లేదు. ఇంకేం కావాలి? ఎఫ్ఈటీ పోయిందని తీర్మానించి మార్చాడు. కొత్తదీ అంతే చేసింది. మళ్ళీ మార్చాడు.

"నకిలీవి అంటగడుతున్నారు అంకుల్. ఒక్కటీ పనిచేయడం లేదు" అన్నాడు.

నకిలీల గురించి అతని అనుమానం పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. పెడళ్ళవాళ్ళు ఇష్టపడే జే201, 2ఎన్5457 లాంటి ఎఫ్ఈటీలు పొడుగు కాళ్ళ రూపంలో తయారీ ఆగిపోయాక, వేరే దేనిమీదో ఆ పేరు అచ్చువేసి అమ్మడం మామూలైపోయింది. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో వెతికినా అతనికి జే201 దొరకలేదు. చివరికి కాలేజీ ల్యాబుల్లో అందరూ గ్రాఫులు గీసే ఎఫ్ఈటీ బీఎఫ్‌డబ్ల్యూ10 పెట్టాడు. ఇనుప టోపీ, నాలుగు కాళ్ళు ఉంటాయే, అదే. దాని సంగతి తర్వాత చెబుతాను, అందులోనూ ఒక మెలిక ఉంది.

అపార్ట్‌మెంటు గేటు తెరుచుకోకపోతే కమ్మీలు కోసి కొత్త గేటు బిగించం కదా, కాపలా మనిషిని కేకేస్తాం. ఇక్కడ కాపలా మనిషి పేరు కంపారేటరు. గిటారు సిగ్నల్‌లో కొంత పక్కదారి పట్టి, పెద్దదై, డయోడ్ల గుండా కెపాసిటరులో నిలవ అవుతుంది. ఆ నిలవ మనం నాబ్ తిప్పి పెట్టిన హద్దును దాటిందా లేదా అని కంపారేటరు చూస్తుంది. దాటకపోతే దాని అవుట్‌పుట్ పైకి లేస్తుంది, బీసీ547 అనే మామూలు ట్రాన్సిస్టరు ఆన్ అవుతుంది, ఎఫ్ఈటీ గేటు కాలును (పెడల్ కాదు, ఎఫ్ఈటీకి ఆజ్ఞ అందే మూడో కాలు పేరూ గేటే) నేలకు, అంటే సున్నా వోల్టులకు లాగుతుంది, శబ్దం ఆగిపోతుంది. దాటితే దీనికి తిరగబడి జరగాలి.

మీటరు పెట్టాం. తీగలు మీటుతున్నా ఎఫ్ఈటీ గేటు కాలి దగ్గర దాదాపు సున్నా. అక్కడ 4.5 వోల్టులు, అంటే 9 వోల్టుల సప్లైలో సగం, ఉండాలి. అంటే ఎఫ్ఈటీకి ఎవరో నోరు మూసుకో అని చెబుతూనే ఉన్నారు, అది మూసుకుని కూర్చుంది. ఎన్ని కొత్తవి తెచ్చి పెట్టినా ఆ ఆజ్ఞనే పాటిస్తాయి. ప్రోబు చెప్పినదాంట్లో అబద్ధం లేదు, శబ్దం మాయమైంది సరిగ్గా అక్కడే. కానీ మాయం చేసినవాడు అక్కడ లేడు.

ఒక అడుగు వెనక్కి వెళ్ళాం. బీసీ547కు ఆజ్ఞ అందే కాలు బేసు; దాని దగ్గర 0.65 వోల్టులు, మీటినా మీటకపోయినా అంతే. ఇంకో అడుగు వెనక, కంపారేటరు అవుట్‌పుట్: తీగలు ఊరుకున్నప్పుడు 7.6 వోల్టులు, మీటినప్పుడు 1.5. ఆ చివరి అంకె చూశాక కాస్త ఆగాలి. కంపారేటరు తన పని తాను చేస్తోంది. గిటారు మోగిందని గుర్తిస్తోంది, దిగమంటే దిగుతోంది. చాలినంత కిందికి దిగలేకపోతోంది, అంతే. బీసీ547 ఆఫ్ కావాలంటే బేసు దగ్గర అర వోల్టు కంటే బాగా తక్కువ ఉండాలి. 47 కిలో ఓముల రెసిస్టరు గుండా 1.5 వోల్టులు వస్తుంటే అది ఎప్పటికీ ఆన్‌లోనే ఉంటుంది.

కారణం కంపారేటరు పని చేసే ఐసీయే, కానీ అది కాలిపోలేదు. అతను చూసి చేసిన సర్క్యూట్ బొమ్మలో ఎల్ఎం358 అనే ఐసీ ఉంది. ఎవరో అనుభవజ్ఞులు "అది ఆడియోకు పనికిరాదు, టీఎల్072 పెట్టు, రణగొణ తక్కువ" అన్నారట. కాళ్ళ వరుస ఒకటే కాబట్టి అదే సాకెట్‌లో చక్కగా కూర్చుంది. సాధారణంగా అది మంచి సలహానే. కానీ టీఎల్072 అవుట్‌పుట్ నేల దాకా దిగదు, ఒకటిన్నర వోల్టు దగ్గరే ఆగిపోతుంది. మొరటుదని అందరూ తీసిపారేసే ఎల్ఎం358 దాదాపు సున్నా దాకా దిగుతుంది. అతని బొమ్మలో పోలిక 4.5 వోల్టులకు పైన జరుగుతోంది కాబట్టి అంతటితో సరిపోయింది. పోలిక సున్నా దగ్గర్లో జరిగే బొమ్మల్లో అయితే పాత టీఎల్072 తీర్పు తలకిందులు కూడా కావచ్చు. ఆజ్ఞ దారిలో వెళ్ళేది మన చెవిదాకా రాదు. అక్కడ ఐసీ ఎంత నాజూకుగా ఉంటే ఏం లాభం?

మందు రెండు రకాలు. బొమ్మలో ఉన్న ఐసీ పెట్టడం ఒకటి. లేదా బేసు నుంచి నేలకు 10 కిలో ఓముల రెసిస్టరు ఒకటి తగిలించడం. అప్పుడు ఆ 1.5 వోల్టులు బేసు దగ్గరికి వచ్చేసరికి పావు వోల్టు అవుతాయి, 7.6 వచ్చినప్పుడు మాత్రం ట్రాన్సిస్టరు నిక్షేపంగా ఆన్ అవుతుంది. మేము రెండోదే చేశాం, చేతిలో ఉన్నది అదే కాబట్టి. గిటారు పలికింది.

మీటరూ హరిశ్చంద్రుడేమీ కాదు

ఇక్కడితో ఆపేస్తే నా వాదన మరీ సులువుగా గెలిచినట్టు అవుతుంది. ఆ రాత్రే కుర్రవాడు ఫోన్ చేశాడు. పెడల్ పనిచేస్తోంది కానీ ఎఫ్ఈటీ గేటు దగ్గర 4.5 రావడం లేదు, 2.2 వస్తోంది, ఇంకేదో తప్పు ఉందన్నాడు. అతని దగ్గర ఉన్నది అందరి దగ్గరా ఉండే చవక పసుపు మీటరు. దాని లోపలి నిరోధం దాదాపు ఒక మెగా ఓమ్. ఆ గేటు కాలికి 4.5 వోల్టులు అందేది కూడా ఒక మెగా ఓమ్ రెసిస్టరు గుండానే. రెండు సమానమైన రెసిస్టర్ల నడుమ వోల్టేజి సగమవుతుంది, 2.25. మీటరు పెట్టడంతోనే కొలవవలసిన వస్తువు మారిపోయింది. మా ఇంట్లో కొలిచిన మీటరుకు 10 మెగా ఓములు, అదే చోట అది 4.1 చూపింది. అదీ పూర్తి నిజం కాదు.

నిలవ కెపాసిటరు దగ్గర ఈ తంటా ఇంకాస్త ఎక్కువ. మీటరు ఆనించినంతసేపూ దాని గుండా కూడా నిలవ ఖాళీ అవుతుంటుంది, దాంతో గేటు మామూలు కంటే త్వరగా మూసుకుంటుంది. అది చూసి గేటు మూసుకునే వేగాన్ని తేల్చే రిలీజ్ భాగంలో తప్పుందని ఇంకో వేట మొదలవుతుంది. బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ పేస్టు కూడా ఇలాంటి అధిక నిరోధపు చోట్ల దొంగ దారులు వేస్తుంది, వానాకాలంలో మరీను. పాత టూత్‌బ్రష్షుకు స్పిరిట్ అద్ది రుద్దాక బాగుపడిన గేట్లు నాకు తెలుసు.

కాబట్టి మీటరు అంటే అంకె చూడటం ఒక్కటే కాదు. ఏ అంకె రావాలో ముందు కాగితం మీద వేసుకుని, మీటరు వాటా ఎంతో తీసేసి చూడాలి. ఈ లెక్క ఇష్టం లేనివాళ్ళే ప్రోబు వైపు మొగ్గుతారని నా అనుమానం. ప్రోబు లెక్కలు అడగదు.

మార్చి చూడటం కూడా కొలతేనా?

మా ఊళ్ళో ఒకప్పుడు రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసిన పెద్దాయన ఒకరున్నారు. ఆయనతో ఈ విషయం చెబితే నవ్వారు. "ముందు డ్రై సోల్డర్, అదే సరిగ్గా అతుక్కోని టంకం, చూసుకోవయ్యా. పెన్సిలు మొనతో ఒక్కో జాయింటూ కదిపి చూడు. సగం జబ్బులు అక్కడే పోతాయి. మిగతా సగానికి మంచి పార్టు వేసి చూడటమే" అన్నారు. మార్చి చూడటం కూడా ఒక కొలతే అన్నది ఆయన వాదన. మీటరు ఒక వోల్టేజి చెబుతుంది, మార్పిడి ఏకంగా తీర్పే చెబుతుంది.

జీరో బోర్డు (చేత్తో టంకం వేసే చిల్లుల బోర్డు) మీద చేసిన దేనికైనా ఆయన చెప్పిన మొదటి మాటకు తిరుగులేదు. రెండోదానితో పేచీ ఉంది. ఆయన కొట్లో ఆడుతున్న సెట్టు నుంచి తీసిన ట్రాన్సిస్టరు ఎప్పుడూ చేతికందే చోట ఉండేది. అది మంచిదని ఆయనకు రూఢిగా తెలుసు. ఇప్పుడు మనం పెట్టే కొత్త పార్టు మంచిదని మనకు ఎవరు చెప్పారు? పరీక్షించని పార్టుతో పార్టును పరీక్షించడం ఇది.

ఎఫ్ఈటీని పరీక్షించడం నిజానికి చిటికెలో పని. గేటు కాలు నేలకు, డ్రెయిన్ 9 వోల్టుల బ్యాటరీ ప్లస్సుకు, సోర్స్‌కూ నేలకూ మధ్య మీటరు. మీటరు చూపేదే ఇంచుమించుగా ఆ పీసు పూర్తిగా మూసుకోవడానికి కావలసిన వోల్టేజి. అసలైన జే201 అయితే 0.3 నుంచి 1.5 మధ్య రావాలి. 3 వోల్టులు వచ్చిందంటే దానిమీద ఏమి అచ్చువేసి ఉన్నా అది జే201 కాదు. ఇక్కడ పసుపు మీటరు కూడా సరిపోతుంది.

ఇందాక దాటవేసిన మెలిక ఇప్పుడు చెప్పాలి. గిటారు పలకడం మొదలైన తర్వాత తేలిందేమిటంటే, గేటు మూసుకున్నప్పుడు కూడా వెనక సన్నగా శబ్దం కారుతోంది. ఈసారి ఆజ్ఞ సరిగ్గానే ఉంది: గేటు కాలు సున్నా దగ్గర, సోర్స్ 4.5 దగ్గర. అంటే మూసుకొమ్మని నాలుగున్నర వోల్టులతో నొక్కి చెబుతున్నాం. బీఎఫ్‌డబ్ల్యూ10 పూర్తిగా మూసుకోవడానికి డేటాషీటు ఇచ్చే గరిష్ఠ హద్దు 8 వోల్టులు. అతను పెట్టిన పీసు 5.8 చూపింది. సగం సప్లైతో దాని నోరు పూర్తిగా మూయించడం అయ్యే పని కాదు. మొదట ఏ పాపమూ లేక శిక్ష అనుభవించిన ఎఫ్ఈటీయే రెండో విడతలో దోషిగా తేలింది! ల్యాబు నుంచి తెచ్చిన బీఎఫ్‌డబ్ల్యూ11ల్లో ఒకటి 2.7 చూపితే దాన్ని పెట్టాం. నాలుగో కాలు నేలకు కలిపాం, అది టోపీకి చెందినది.

ఇది నా వాదనకు ఎదురు సాక్ష్యమని ఎవరైనా అనవచ్చు, ఎఫ్ఈటీ మార్చితేనే కదా బాగుపడింది అని. కానీ మొదటి రోజున ఇదే బీఎఫ్‌డబ్ల్యూ11 పెట్టి ఉంటే అదే నిశ్శబ్దం వచ్చేది, మంచి పీసు చెత్తబుట్టలో పడేది.

చెవి గెలిచే చోట్లు

చెవిని మరీ తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనిపిస్తే, మీటరు చేతులెత్తేసే చోటు కూడా చెబుతాను. పెడల్ ఒక దారికి వచ్చాక సన్న తీగలు శుభ్రంగా పలుకుతున్నాయి, లావు తీగ మీటితే మాత్రం స్వరం చివర గరగరమంటూ తెగిపోతోంది. మీటరుకు అంతా బాగానే కనిపిస్తుంది. అది సెకనుకు రెండు మూడు అంకెలు చూపేలోపు గేటు ఎన్నోసార్లు తెరుచుకుని మూసుకుంటోంది.

చెవి ఇచ్చిన ఆనవాలు ఇక్కడ చాలా విలువైనది: లావు తీగ మాత్రమే. ఆ లావు తీగ (E) స్వరం సెకనుకు సుమారు 82 కంపనాలు. అంటే నిలవ కెపాసిటరు 12 మిల్లీసెకన్లకు ఒకసారి నిండుతుంది. ఈ రెండు నింపుళ్ళ మధ్య అది ఎంత ఖాళీ అవుతుందన్నదే ప్రశ్న. 100 కిలో ఓముల రెసిస్టరుతో 1 మైక్రోఫారడ్ ఉంటే పదో వంతుకు కాస్త పైన పోతుంది. 0.1 ఉంటే మూడింట రెండు వంతులు పోతాయి. బోర్డు తిప్పి చూస్తే 105 (1 మైక్రోఫారడ్) అని ఉండవలసిన చోట 104 (0.1) ఉంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, భూతద్దం కింద పెడితే తప్ప అంకె తెలియదు.

అది మార్చాక కూడా హద్దు దగ్గర కాస్త తడబాటు మిగిలింది. కంపారేటరు అవుట్‌పుట్ నుంచి దాని ప్లస్ ఇన్‌పుట్‌కు ఒక మెగా ఓమ్, హద్దు నాబ్ నుంచి అదే ఇన్‌పుట్‌కు 10 కిలో ఓములు పెడితే తెరుచుకునే హద్దుకూ మూసుకునే హద్దుకూ మధ్య దాదాపు 60 మిల్లీవోల్టుల ఎడం వస్తుంది. ఒకసారి తీసుకున్న నిర్ణయం మీద కాసేపు నిలబడుతుంది. ఈ పనికి మీటరుకంటే కంపారేటరుకు తగిలించిన చిన్న ఎల్ఈడీ ఎంతో నయం, మినుకుమినుకు కంటికే కనిపిస్తుంది. పెడల్ చేసేటప్పుడే అది పెట్టుకోండి. దాని నేల తీగను మాత్రం శబ్దపు దారి నేలతో పాటు లాగకండి, లేకపోతే అది వెలిగి ఆరినప్పుడల్లా టిక్కుమంటుంది.

ఇంట్లో బాగున్న గేటు చర్చిలో బాగాలేకపోవడం ఇంకో కథ. అక్కడ దానంతట అదే తెరుచుకుంటోందట, మళ్ళీ మూసుకోవడం లేదట. వెళ్ళి చూస్తే ఫ్యాన్లన్నీ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ల మీద సగం వేగంతో తిరుగుతున్నాయి. అవి కరెంటు అలను ముక్కలు చేసి వదులుతాయి, గిటారు తీగల కంపనాన్ని అందుకునే ఒకే చుట్టు పికప్ ఆ రొదనంతా పట్టుకుంటుంది. ఫ్యాన్లు పూర్తి వేగంలో పెట్టగానే గేటు బుద్ధిగా మూసుకుంది. చతురస్రపు అలనిచ్చే చవక ఇన్వర్టరు మీద కరెంటు నడిచినప్పుడూ ఇదే గోల. ఆజ్ఞ దారి మొదట్లో 0.01 మైక్రోఫారడ్, 100 కిలో ఓములు వేసి 159 హెర్ట్జ్ కిందివాటిని అణిచితే 50 హెర్ట్జ్ హమ్ మూడో వంతుకు తగ్గుతుంది. రెగ్యులేటర్ల రొద ఆ పైన కూడా దండిగా ఉంటుంది కాబట్టి దానికి ఇది చాలదు. గేటు పాటల మధ్య ఖాళీలో రొదను దాచగలదు, స్వరం మోగుతున్నప్పుడు ఆ రొద పక్కనే ఉంటుంది. రొద పుట్టేచోట దాన్ని ఆపకుండా హద్దు నాబ్ పెంచుకుంటూ పోతే స్వరాల తోకలు తెగుతాయి. సేత్ లవర్ 1955లో గిబ్సన్ గిటార్ల కంపెనీలో రెండు చుట్లను ఎదురెదురుగా కలిపి హంబకర్ అనే పికప్ చేసింది పుట్టేచోట ఆపడానికే. ఇక హమ్ పోతుందని అడాప్టరు ఎర్త్ పిన్ను విరిచే పెద్దమనుషులకు చెప్పేది ఒకటే: అది మీ ప్రాణం కోసం పెట్టిన పిన్ను, శబ్దం కోసం కాదు.

గేటు వినవలసింది డిస్టార్షన్ దాటిన సిగ్నల్ కాదు, గిటారు నుంచి నేరుగా వచ్చే శుభ్రమైన సిగ్నల్ అన్న మాట కూడా ఇక్కడికే వస్తుంది. 1987 నాటి బాస్ కంపెనీ గేటు ఎన్ఎస్-2లో సెండ్, రిటర్న్ జాకులు పెట్టింది ఇందుకే. ముందు విని నిర్ణయిస్తుంది, డిస్టార్షన్ తర్వాత నోరు మూస్తుంది. రెండు దారులు వేర్వేరని ఆ పెట్టె మీది జాకులే చెబుతున్నాయి. మా కుర్రవాడి పెడల్‌లో అవి లేవు, పెట్టెలో చోటు కూడా లేదు.

ఒక్క పేచీ ఇంకా తేలలేదు. గేటు తెరుచుకునేటప్పుడు చిన్నగా టప్ అంటుంది. డ్రెయిన్, సోర్స్ రెండూ సమానంగానే ఉన్నాయి, కొలిచాం. ఎఫ్ఈటీ గేటు కాలి దగ్గర ఉన్న 0.01 మైక్రోఫారడ్ తీసి 0.047 పెడితే తెరుచుకోవడం మెల్లబడి టప్ పోతుందని నేను, అలా చేస్తే పిక్ తీగకు తగిలినప్పటి పదును పోతుందని అతను. నాకు టప్ వినిపిస్తోంది, అతనికి పదును వినిపిస్తోంది. ప్రస్తుతానికి 0.01 అలాగే ఉంది. డ్రమ్ములు మొదలయ్యాక టప్ ఎవరికీ వినపడదంటున్నాడు.